గొర్రు విప్పిన చోటు

ఇచ్చిన మాట మరచిపోని దేవునికి స్తోత్రం. ఎండిన నేల మీద వాన కురిపించేవాడు ఆయనే, తాళం వేసిన తలుపుల వెనక ఉన్నవాళ్ళను పేరుపెట్టి పిలిచేవాడూ ఆయనే. ముప్పై నాలుగేళ్ళు జైళ్ళలో ఉద్యోగం చేసి, ఒంటి మీద దెబ్బ పడకుండా బయటపడిన నా వంటివాణ్ణి కూడా ఆయన మరవలేదు. ముందుగా ఆయనకు వందనాలు చెప్పుకొని, తర్వాత నా తప్పు చెప్పుకుంటాను.

పోయిన నెల ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని కుర్రాళ్ళు నన్ను చుట్టుముట్టారు. ఎవరో పెద్దమనిషి పెరోల్ మీద బయటికొచ్చి పెళ్ళి విందులో కూర్చున్న బొమ్మ ఫోన్లో చూశారట. పెరోల్ అంటే డబ్బున్నోళ్ళకిచ్చే సెలవే కదా అంకుల్ అని ఒకడు అడిగాడు. వాణ్ణి తప్పుపట్టలేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అట్లాగే అనుకున్నాను. ఆ రోజు సగం చెప్పేసరికి భోజనాలకు పిలుపు వచ్చింది. పిల్లలు వాక్యం కోసమైనా ఆగుతారు గానీ బిర్యానీ కోసం ఆగరు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

నాకు పని నేర్పిన జైలరుకు ఒక అలవాటు ఉండేది. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరినీ తన బల్ల ముందు నిలబెట్టి, పెరోల్ అంటే ఏమప్పా అని అడిగేవాడు. సెలవు సార్ అన్నాను నేను.

"సెలవు నీకూ నాకూ. వాళ్ళకు ఉండేది మాట," అన్నాడు.

తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. ఆ పదం ఫ్రెంచివాళ్ళదట. వాళ్ళ భాషలో దానికి అర్థమే మాట అని. పాతకాలం యుద్ధాల్లో పట్టుబడిన సిపాయి, మళ్ళీ మీ మీద కత్తి ఎత్తను, పిలిస్తే తిరిగి వస్తాను అని పరువు మీద మాటిస్తే, ఆ మాట తీసుకొని వదిలేసేవాళ్ళట. కాపలా లేదు, సంకెల లేదు. మాట తప్పినవాణ్ణి శత్రువులే కాదు, సొంత సైన్యం కూడా చిన్నచూపు చూసేదట. చాలాకాలం తర్వాత తెల్లవాళ్ళు దూరపు దీవుల్లో ఖైదీలను పెట్టి కొరడాలతో పాలిస్తున్నప్పుడు, ఒక అధికారి వచ్చి కొరడా పక్కన పెట్టించి, మంచి నడతకు మార్కులు వేయడం మొదలుపెట్టాడట. మార్కులు పోగైన కొద్దీ కట్లు వదులు చేసుకుంటూ పోయాడు. ఆ పద్ధతులే ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయి, సిపాయిల నాటి ఆ పదాన్ని తగిలించుకొని, తిరిగి తిరిగి మన గేటు దాకా వచ్చాయి.

మా నాయన మా పల్లెలో సంఘపెద్ద. లోకం మాటతోనే పుట్టిందని చాప మీద కూర్చుని నేర్చుకున్న పిల్లవాణ్ణి నేను. జైలు రూలు ఒకటి కూడా మాటలోనుంచే పుట్టిందని వినేసరికి ఆ ఉద్యోగం మీద మొదటిసారి గౌరవం కలిగింది. అంతవరకూ ఆ ఖాకీ చొక్కా వేసుకొని మా ప్రార్థన గుడికి పోవాలంటే నాకు సిగ్గుగా ఉండేది.

అయితే మీరు ఆ సిపాయి కథ నమ్ముకొని ఇప్పటి జైలుకు పోతే నవ్వుకుంటారు. ఇప్పుడు ఖైదీ మాట ఒక్కటే చాలదు. ఊళ్ళో పోలీసు స్టేషను రిపోర్టు కావాలి, రెవెన్యూ వాళ్ళది కావాలి, జామీనుదారులు కావాలి, పైనుంచి ఆర్డరు రావాలి. మనిషి మీద నమ్మకం తగ్గే కొద్దీ కాగితం లావైంది. అయినా అంత కాగితం అడుగున చివరికి మిగిలేది అదే: వీడు తిరిగి వస్తానన్నాడు, మనం సరేనన్నాం.

ఆ జైలరు ఇంకొక సంగతి కూడా చెప్పాడు. దినాలు లెక్కపెట్టే పద్ధతి. అది నేను చెవిన పెట్టలేదు. దాని వల్లే ఈ కథ.

అప్పటికి నేను డిప్యూటీ జైలరునై నాలుగేళ్ళయింది. మా జైల్లో బెళుగుప్ప పక్క పల్లె నుంచి వచ్చిన రైతు ఒకడు యావజ్జీవం అనుభవిస్తున్నాడు. బోరు నీళ్ళ దగ్గర దాయాదితో మాటామాటా పెరిగి చేతిలోని పార విసిరాడు. ఒక్క దెబ్బ. దాయాది అక్కడే పోయాడు. తను పోలీసుల కోసం ఆ గట్టు మీదే కూర్చున్నాడట. ఆరేళ్ళలో అతని మీద ఒక్క ఫిర్యాదు లేదు. జైలు తోటలో వంకాయ మడులు అతనివే. ఎక్కువ మాట్లాడేవాడు కాదు, మాట్లాడితే మాత్రం నేరుగా ముఖం మీద పడేది.

ఆ ఏడు ఎండాకాలంలో మొదటిసారి పెరోల్ అడిగాడు. వేరుశనగ విత్తుకోవాలన్నాడు. ఇంట్లో భార్య ఒక్కతే. పోయిన మూడేళ్ళలో ఒకసారి చేను బీడు పడింది, రెండుసార్లు కౌలుకిచ్చినవాడు పంట తినిపోయాడు. దరఖాస్తు నేనే నింపాను. ఏ తేదీ నుంచి కావాలి అని ఒక గడి ఉంటుంది. అడిగాను.

"పదును ఎప్పుడైతాదో నేనేడ చెప్పేది సార్? వాన పడే తేదీ రాయండి," అన్నాడు.

ఈ పీఠభూమిలో పుట్టినవాళ్ళకు దాని అర్థం చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. మా నేల మెట్ట. వాన పడి, ఎర్రమట్టి లోపలి దాకా తడిసి, విత్తనం పట్టే తేమ నిలిచేది రెండు మూడు దినాలే. అదే పదును. ఆ రెండు దినాల్లో విత్తనం వేసే గొర్రుకు ఎద్దులను కట్టి విత్తుకున్నవాడు రైతు, విత్తుకోనివాడు ఆ ఏడంతా ప్రేక్షకుడు. దానికి తేదీ ఉండదు, ఆఫీసుకు తేదీ లేకుండా ఉండదు.

కాగితాలన్నీ తిరిగి ఆర్డరు వచ్చేసరికి జులై వచ్చింది. పదిహేను దినాలు ఇచ్చారు. ఆ వారం గుమాస్తా సెలవులో ఉన్నాడు కాబట్టి ఖైదీ చేతికిచ్చే చీటీ నేనే రాశాను. సోమవారం ఉదయం వదిలాము. తిరిగి రావలసింది రెండు వారాల తర్వాత సోమవారం, సాయంత్రం ఆరు గంటలకు బ్యారకులకు తాళాలు పడే లాకప్ వేళ లోపల అని నా గుండ్రని అక్షరాలతో రాసి, చదివి వినిపించి, సీలు వేసి ఇచ్చాను.

పద్నాలుగు దినాలు వాన చుక్క లేదు. అతను ఏం చేశాడో తర్వాత తెలిసింది. భార్యాభర్తలిద్దరూ అరుగు మీద కూర్చొని విత్తనం కాయలు ఒక్కొక్కటే వలిచి పెట్టుకున్నారు. సంచులు సిద్ధమయ్యాయి. గొర్రు చెక్క వదులైతే బిగించుకున్నాడు. పొద్దున పోలీసు స్టేషనులో సంతకం పెట్టి రావడం, సాయంత్రం చేను గట్టున నిలబడి మబ్బు కేసి చూడడం. ఆదివారం పొద్దు గూకే వేళకు మొదలైంది వాన. తెల్లారేదాకా పడింది.

సోమవారం పదకొండు గంటలకు నేను ఆఫీసులో ఉంటే గేటు దగ్గర నుంచి కబురు వచ్చింది, ఒకసారి రమ్మని. మా గేటు హెడ్ వార్డరు నాకంటే పదేళ్ళు పెద్ద, అందరికీ ఆయన భాయ్. అయిదు పూటలా నమాజు తప్పనివాడు. మా ఇద్దరికీ మతం విషయంలో రోజూ వాదన, టీ విషయంలో రోజూ ఒప్పందం. ఎవరు ఎప్పుడు తిరిగి రావాలో రిజిస్టరులోనే కాక తన జేబులోని చిన్న పుస్తకంలో కూడా రాసుకునేవాడు. ఆఫీసు మీద నమ్మకం లేక కాదు సార్, నా మీద లేక, అనేవాడు.

పోయి చూస్తే చిన్న తలుపు తెరిచి ఉంది. బయట జల్లులో మా రైతు. మోకాళ్ళ దాకా ఎర్రబురద, చెప్పులు చేతిలో. గడప దాటబోతుంటే భాయ్ లాఠీ అడ్డం పెట్టి ఆపాడు. మా దగ్గర ఒక పద్ధతి. గడప దాటి రిజిస్టరులో వేలిముద్ర పడిందంటే మనిషి లోపలికి వచ్చినట్టే. తర్వాత ఆ దేవదూతే వచ్చినా మళ్ళీ బయటికి పంపాలంటే కొత్త ఆర్డరు కావాలి.

"ఈయప్ప రావాల్సింది రేపు కదా సార్? ఈ పొద్దే వచ్చినాడే," అన్నాడు భాయ్.

చీటీ చూడు భాయ్, సోమవారమనే ఉంది అన్నాను, కొంచెం గర్వంగానే. ఆయన చీటీ చూడలేదు. వేళ్ళు మడిచాడు. వదిలిన దినం కలపకూడదు, మంగళవారం ఒకటి అని మొదలుపెట్టి, "రేపటికి పదైదు," అని తేల్చాడు.

జైలరు చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది. బయటికి పోయిన దినం లెక్కలోకి రాదు. నేను మాత్రం సోమవారాన్ని కూడా కలిపి లెక్కపెట్టాను. ఎందుకో తెలుసా? నేను పుట్టినప్పటి నుంచి అట్లాగే లెక్కపెడుతున్నాను. శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం తెల్లవారు జామున మూడు. ప్రభువు మూడో దినం లేచాడని మేము చెప్పుకునే లెక్క అది. మొదటి దినం లేకపోతే మా పండగే లేదు. ఆ లెక్కే చేతికి అలవాటై, ఖైదీ చీటీ మీద కూడా దిగింది. ఈ సంగతి తర్వాతెప్పుడో భాయ్‌కి చెబితే చాలాసేపు నవ్వి, "గుడి లెక్క గేటుకు పనికిరాదు సార్, మా పండగ నెలపొడుపు లెక్క కూడా పనికిరాదు. గేటుకు గేటు లెక్కే," అన్నాడు.

ఆ క్షణం మాత్రం ఎవరూ నవ్వలేదు. రైతుకు మా మాటలు సరిగా వినబడలేదు. వానలో నిలబడే ఉన్నాడు. మీ పక్క వాన పడిందా అని అడిగాను.

"పడినాది సార్. పదునైనాది."

"విత్తినావా?"

"యాడ సార్. వాన నిలిచేతలికి తెల్లారె. బస్సు టైమాయె. కాగితంలో ఈ పొద్దే అని ఉండాది కదా."

"ఫోను చేసి అడగకూడదా?"

"అడిగితే ఎగ్గొట్టే దానికి సాకు చూస్తాండాడు అనుకుంటారు." ఆగి, "లోపలికి రావచ్చునా సార్?" అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఇదంతా రాస్తున్నది ఆ ఆలస్యం గురించే. ఖైదీ ఒకరోజు ముందు రావడం నేరం కాదు. రానిస్తే ఎవరూ అడగరు. అతనికి తెలియదు. భాయ్ నా మాట కాదనడు. బయటికి పంపాలంటే మాత్రం తప్పు రాశానని నా నోటితో నేనే సూపరింటెండెంటు ముందు ఒప్పుకోవాలి. జైలరు ప్రమోషను లిస్టులో ఆ నెల నా పేరు ఉంది. రేపు అతను రాకపోతే, ఒకసారి గేటు దాకా వచ్చినవాణ్ణి వెనక్కి పంపింది ఎవరు అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆదివారపు బడిలో పిల్లలకు సత్యం గురించి పాఠం చెబుతున్నవాణ్ణి, ఒక గ్లాసు టీ తాగినంత సేపు నోరు మూసుకొని నిలబడ్డాను. భాయ్ లాఠీ మాత్రం తీయలేదు.

ఆ లాఠీని చూశాకే నాకు కదలిక వచ్చింది.

సూపరింటెండెంటు గారు రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. తండ్రికి వజ్రకరూరు పక్క వంద ఎకరాల మెట్ట ఉండేదని చెప్పేవాడు. నా తప్పు ఎట్లా జరిగిందో నేను మొదటి నుంచి వివరిస్తుంటే మధ్యలో ఆపి, ఎంత నేల అని అడిగాడు. అయిదెకరాలు అన్నాను. కిటికీలోంచి బయటికి చూశాడు.

"మరి ఈడ నిలబడి ఏం చేస్తాండావప్పా? నీ సంజాయిషీ కోసం పదును ఆగుతాదా?" అన్నాడు. చీటీ దిద్దమన్నాడు, సంజాయిషీ రేపు రాసివ్వమన్నాడు. నేను తలుపు దగ్గరకు పోయాక మళ్ళీ పిలిచాడు. "రేపు లాకప్ లోపల వాడు రాకపోతే?"

"వస్తాడు సార్."

"నీ మాటేనా?"

"నా మాటే సార్."

నా ఉద్యోగంలో ఎంతోమంది దగ్గర ఆ మాట తీసుకున్నాను. ఇవ్వడం అదే మొదటిసారి. ఇచ్చినప్పుడు ఎంత బరువుంటుందో అప్పుడు తెలిసింది.

గేటు దగ్గర సోమవారం కొట్టేసి మంగళవారం రాసి, పక్కన సంతకం పెట్టి సీలు వేశాను. అతనికి తెలిసేట్టు చెప్పాను: తప్పు నాది, నీకు హక్కుగా ఇంకొక దినం ఉంది, ఎవరూ దయతో ఇస్తున్నది కాదు. చీటీని కాసేపు చూశాడు. "అయితే పోవచ్చునా?" అన్నాడు. పోవచ్చన్నాను. నాకు దండం కూడా పెట్టలేదు. వెనక్కి తిరిగి రోడ్డు వైపు పరుగు తీశాడు. చేతిలోని చెప్పులు అప్పటికే గడప పక్కన పెట్టి ఉన్నాడు, అవి అక్కడే ఉండిపోయాయి.

"చెప్పులప్పా!" అని భాయ్ కేక వేశాడు. అతను వినలేదు. భాయ్ వాటిని కాలితో గోడవారకు జరిపి, "జామీను పెట్టిపోయినాడు సార్," అన్నాడు.

మంగళవారం పొద్దుటి నుంచి నా చూపంతా ఆ చెప్పుల మీదే. మధ్యాహ్నం మళ్ళీ వాన పట్టుకుంది. ఆ పక్క వంక, అంటే వాగు, పొంగి పారుతోందని, బస్సులు ఆగిపోయాయని ఎవరో చెప్పారు. ఏ వాన కోసం నేను పదిహేను దినాలు ప్రార్థించానో, ఆ వాననే ఆపమని ప్రార్థించాల్సి వచ్చింది. అడగలేకపోయాను. అయిదెకరాల మీద పడుతున్న వానను ఆపమని నా ప్రమోషను కోసం ఏ నోటితో అడగను? నీ చిత్తం అని మాత్రం అన్నాను, అదీ పూర్తి మనసుతో కాదు.

అయిదు దాటింది. భాయ్ లాకప్ గంట దగ్గర నిలబడ్డాడు. నేను ఆయన ముఖం చూశాను.

"గంట మాత్రం గంటకే కొడతా సార్. మీరు అట్ల చూడొద్దండి," అన్నాడు.

నేనేమీ అడగలేదన్నాను. అడగకముందే చెప్పినా అన్నాడు. ఆయన అట్లా అన్నందుకు ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే ఆ గేటును అన్నేళ్ళు నిలబెట్టింది ఆ మొండితనమే అనిపిస్తుంది.

ఆరుకు ఇరవై నిమిషాలు ఉందనగా పాల ఆటో ఒకటి గేటు ముందు ఆగింది. వెనక క్యాన్ల మధ్య నుంచి అతను దిగాడు. తొడల దాకా తడి, వట్టి కాళ్ళు. వంక నడిచి దాటి, అవతల ఆ ఆటోను పట్టుకున్నాడట. నేరుగా గోడవారకు పోయి తన చెప్పులు తొడుక్కొని, అప్పుడు గడప దాటాడు.

"వచ్చినాను సార్," అన్నాడు.

భాయ్ వేలిముద్ర వేయించుకుంటూ విత్తినావా అని అడిగాడు. సగమైందన్నాడు. సగమేనా అన్నాను నేను.

"నిన్న ఇల్లు చేరేతలికి బాడుగ ఎద్దులన్నీ ఒగరిగొగరు పట్టుకుపోయినారు. ఈ పొద్దు తెల్లారినాక దొరికినాయి. వంక వచ్చేటట్టుంది అని అందరూ అంటాంటే పన్నెండుకే గొర్రు ఇప్పినాను."

"ఇంకొక గంట ఆగింటే?"

"ఆగింటే ఈడికి రాలేను కదా సార్," అన్నాడు, నాకు అర్థం కాలేదేమో అన్నట్టు చూసి.

ఆరింటికి భాయ్ గంట కొట్టాడు. మరుసటి రోజు నా సంజాయిషీ నేను రాసిచ్చాను. దానికి జవాబుగా ఒక హెచ్చరిక నా సర్వీసు పుస్తకంలో చేరింది, ప్రమోషను రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. రిటైరయ్యే రోజున ఆ పుస్తకం తిరగేస్తే, అందులో నేను నిజంగా సంపాదించుకున్నది ఆ ఒక్క కాగితమే అనిపించింది.

నెలన్నర తర్వాత బెళుగుప్ప పక్క ఒక పల్లెలో ప్రార్థన కూటానికి పోయాను. తిరిగి వస్తూ దారి అడుక్కొని ఆ చేను దగ్గరకు పోయాను. ఎందుకు పోయానో చెప్పలేను. రోడ్డు మీద నుంచే కనబడింది. ఒక పక్క వేరుశనగ పచ్చగా, సాళ్ళు తీర్చినట్టు, పసుపు పూలతో ఉంది. సరిగ్గా నడిమికి వచ్చేసరికి ఆగిపోయింది. అక్కడి నుంచి అవతలి గట్టు దాకా వట్టి ఎర్రనేల. చివరి సాలు నిండుగా కూడా పోలేదు, మధ్యలోనే తెగింది. అతను గొర్రు విప్పిన చోటు అది.

అతని భార్య కలుపు తీస్తోంది. జైలు నుంచి వచ్చానంటే భయపడింది. అతను బాగున్నాడని చెప్పాక నెమ్మదించి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వానను చూసి జైలు పెద్దోళ్ళు జాలిపడి ఒగ దినం ఎక్కువిచ్చినారంట కదా. మా ఇంటాయన చెప్పినాడు. ఆ సారు మీరేనా?"

అంటే నేను చేసిన తప్పు అతను ఇంట్లో కూడా చెప్పలేదు. నేను అంత స్పష్టంగా చెప్పినా, నా పరువు తన ఊళ్ళో కాపాడి పెట్టాడు. అవునమ్మా అనేసి వెనక్కి తిరగవచ్చు. గేటు దగ్గర చేసిన ఆలస్యం ఇక్కడ చేయకూడదనిపించింది.

"ఎక్కువ ఇవ్వలేదమ్మా. నేనే తప్పు లెక్కేసి ఒక దినం తక్కువ రాసినాను. సోమవారం పొద్దున నీ మొగుడు ఇంట్లోనే ఉండాల్సింది. ఉండింటే చేను మొత్తం అయ్యేది."

ఆమె చేతిలో ఉన్న కలుపు కింద పడేసి, పచ్చ వైపు చూసింది, ఎర్రనేల వైపు చూసింది, నా వైపు చూసింది.

"అట్లయితే ఆ బీడు మీది సార్. ఈ పచ్చ మాది," అంది.

అని, చెట్టు కింద పెట్టిన చెంబు తెచ్చి మజ్జిగ పోసింది.

తమ్ముళ్ళారా, పెరోల్ అంటే ఏమిటని అడిగారు. నాకు తెలిసింది ఆ చేను. అతను శిక్ష ముగించుకొని ఇంటికి చేరి చాలాకాలమైంది. ఇప్పుడు ప్రతి ఏడూ మొత్తం విత్తుతున్నాడు, వాన పడితే. ఈ పొద్దు కూడా ఎక్కడో ఒక గేటు బయటికి ఒక మనిషి చీటీ పట్టుకొని అడుగు పెట్టి ఉంటాడు. ఒక నిమిషం కళ్ళు మూసుకొని నాతో కలిసి అడగండి: అతని నేలకు వాన వేళకు దొరకాలని, అతని దారిలో వంక దాటేంతే పారాలని, అతని దినాలు లెక్కపెట్టే చెయ్యి తప్పకుండా ఉండాలని, తప్పితే ఒప్పుకొనే ధైర్యం ఆ చేతికి ఆలస్యం లేకుండా ఇవ్వాలని. ఆమేన్ మాత్రం మీరే అనండి.